మోకాలి మీద తెల్లమచ్చ

మా ఇంట్లో చేప వండిన రోజు పెరుగు ఉట్టి దిగేది కాదు. చేపా పెరుగూ ఒకే పూట కడుపులో పడితే ఒంటి మీద బొల్లి వస్తుందని మా నాయనమ్మ నమ్మకం. ఆవిడ ఒక్కతే కాదు, మా కాలవ గట్టు మొత్తం అలాగే నమ్మేది. కాకపోతే ఆ మాట చెప్పే హక్కు మా నాయనమ్మకి అందరికంటే కాస్త ఎక్కువ ఉండేది, ఎందుకంటే ఆవిడ చేపలమ్మే మనిషి. పొద్దున్నే రైల్లో కొల్లేరు వైపు నుంచి దిగిన చేపల్లో తనకి కావలసినవి ఏరుకుని, గంప నెత్తిన పెట్టుకుని గుణదల వీధులన్నీ తిరిగేది. ప్రతి గుమ్మం దగ్గరా చేప ఇచ్చేసి, "ఇయ్యాళ పెరుగేసుకోమాకండమ్మా" అని చెప్పాకే గంప ఎత్తేది. కొనేవాళ్ళకి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలిసిన సంగతే. అయినా ఆవిడ చెప్పడం మానలేదు, వాళ్ళు "అలాగేలే" అనడం మానలేదు.

ఇది డెబ్బైల నాటి మాట. బెజవాడలో ఏలూరు కాలవ పక్కన రెండు గదుల ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం: నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను. నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాకు ఎనిమిది నిండి తొమ్మిది వచ్చిన ఏడాది మోకాళ్ళ జబ్బు మొదలైంది. పొద్దున్న లేచేసరికి రెండు మోకాళ్ళూ బిగుసుకుపోయి ఉండేవి. బడి మొదలయ్యే వేళ దాటాక కాస్త వదిలేవి. బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నానని అమ్మ వీపు మీద రెండు అంటించింది. ఆ తర్వాత కుడి మోకాలు కొబ్బరికాయంత వాచింది. అమ్మ ఆ రెండు దెబ్బలూ తలుచుకుని చాలాకాలం ఏడ్చింది. నేను ఆ ఏడుపుని బాగా వాడుకున్నాను. ఏది కావాలన్నా మోకాలి మీద చెయ్యి వేసుకుని అడిగేదాన్ని.

వావిలాకు కాపడం పెట్టారు, ఆముదం రాశారు, మంత్రం వేయించారు. మా చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూసి, "చిన్నపిల్లకి కీళ్ళవాతమేంటమ్మా, మా అత్తకొచ్చిందంటే అర్థముంది గానీ" అని నవ్వి వెళ్ళేవాళ్ళు. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండేది. చివరికి గుణదలలో చేపలు కొనే ఒకావిడ మా నాయనమ్మకి గవర్నరుపేటలో ఒక ఎముకల డాక్టరు గారి సంగతి చెప్పింది. మరునాడే నాయనమ్మ బేరం మానుకుని నన్ను రిక్షా ఎక్కించి తీసుకెళ్ళింది. ఆవిడకి నా మోకాళ్ళంటే మా అమ్మకంటే ఎక్కువ భయం. ఆవిడ చెల్లెలొకామెకి చిన్నప్పుడే మోకాళ్ళు ఇలాగే వాచి, వంగి, ఆ వంపులోనే ఉండిపోయాయట. బతికినన్నాళ్ళూ ఇంట్లో పాకుతూనే తిరిగిందట. ఆ సంగతి నాయనమ్మ నాకు చెప్పలేదు, డాక్టరు గారికి చెబుతుంటే విన్నాను.

డాక్టరు గారు బక్కపలచటి మనిషి. చిన్నపిల్లనైన నన్ను కూడా "ఎక్కడ నొప్పిగా ఉందండీ" అని అడిగాడు. చేపలమ్మే మా నాయనమ్మనీ "కూర్చోండమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాయనమ్మ ఆయనకి అమ్ముడుపోయింది. ఇలాంటి కీళ్ళ జబ్బు పిల్లలకీ వస్తుందని మాకు మొదట చెప్పింది ఆయనే. కొన్నాళ్ళు మాత్రలు ఇచ్చాడు. అవి మింగితే నాకు చెవుల్లో గుయ్యిమనేది తప్ప వాపు పెద్దగా తగ్గలేదు. ఎండాకాలం సెలవుల్లో, కుడి మోకాలి కీలులోకే సూదిమందు వేద్దామన్నాడు. ఎడమది తర్వాత చూద్దామన్నాడు.

ఆ సూది సంగతి ఎక్కువ చెప్పను, ఇప్పటికీ తలుచుకుంటే కాలు వెనక్కి లాక్కుంటాను. ముందు పెద్ద సిరంజితో మోకాల్లో నుంచి పచ్చటి నీరు లాగాడు. తర్వాత ఇంకో సిరంజితో పాలలాంటి తెల్లటి మందు లోపలికి పంపాడు. నాన్న నా భుజాలు పట్టుకున్నాడు, అమ్మ బయటికి వెళ్ళిపోయింది, నాయనమ్మ మాత్రం కదలకుండా నిలబడి చూసింది. రెండు రోజులు నడవకూడదని, ఆ రెండు రోజులూ కాలు ఇంకా సలపవచ్చని, భయపడకుండా చల్లటి గుడ్డ వేయమని డాక్టరు గారు చెప్పి పంపాడు.

చెప్పినట్టే మర్నాడు కాలు నిప్పులా కాలింది. చల్లటి గుడ్డేమిటి, మా ఇంట్లో ఐసుకి లోటా? నాన్న ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో ఐసు ముక్కలు తెచ్చాడు. అది చేపలు పెట్టే ఐసే. దాన్ని నాయనమ్మ పాత చీర ముక్కలో చుట్టి మోకాలి మీద పెడితే నా కాలంతా కొర్రమీను వాసన. అదే రోజు నా బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. అమ్మ జ్వరమనుకుని నుదురు పట్టి చూస్తే జ్వరం లేదు. ఆకలి మాత్రం విపరీతంగా వేసింది, రోజుకి నాలుగు పూటలు అన్నం తిన్నాను. ఊరికే చిరాకు పడేదాన్ని, కంచం విసిరేశాను కూడా. ఇవన్నీ ఆ మందు వేషాలేనని పెద్దయ్యాక ఇంకో డాక్టరమ్మ చెప్పింది, నాలుగు రోజుల్లో అన్నీ దిగిపోతాయని కూడా చెప్పింది. నా చిరాకు మాత్రం అప్పుడు ఎక్కింది ఇంకా దిగలేదని మావాళ్ళు ఇప్పటికీ అంటారు.

నాలుగోనాటికి లేచి నిలబడ్డాను. కుడికాలు తిన్నగా వచ్చింది. వారం తిరిగేసరికి గడప దాటి కాలవ గట్టు దాకా నడిచి వెళ్ళాను. నాయనమ్మ గుణదలలో ప్రతి గుమ్మం దగ్గరా పెరుగు సంగతితో పాటు నా మోకాలి సంగతి కూడా చెప్పి వచ్చింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

దసరా ముందు ఒకరోజు అమ్మ నాకు తలంటి పోస్తూ కుడి మోకాలి దగ్గర చెయ్యి ఆపింది. మోకాలి పక్కన, సూది గుచ్చిన చోట, అర్ధరూపాయి బిళ్ళంత మచ్చ. తెల్లగా ఉంది. వేలితో తడిమితే అక్కడ చిన్న గుంట కూడా ఉంది. అమ్మ లోపలికెళ్ళి పిన్నీసు తెచ్చి ఆ మచ్చ మీద గుచ్చింది. కెవ్వుమన్నాను. అమ్మ "అమ్మయ్య" అని కూలబడింది. ఆ రోజుల్లో బడికి ఏడాదికోసారి మచ్చలు చూసేవాళ్ళు వచ్చి, గుచ్చితే తెలియకపోతే పెద్దరోగమని, అంటే కుష్టని, పేరు రాసుకుని వెళ్ళేవాళ్ళు. అది కాదని తేలింది. అది కాకపోతే ఇక మిగిలింది బొల్లి. అమ్మ మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ మాట తక్కువ మనిషి, కానీ ఒకసారి ఒక మాట పట్టిందంటే ఇక అంతే, బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదలదు. "సూది పొడిచిన చోటే వచ్చింది. సూదిమందు వల్లే వచ్చింది. ఇంకో కాలికి పొడవనివ్వను" అంది. తర్వాత తెలిసిందేమిటంటే మచ్చ విషయంలో ఆవిడ చెప్పిందే నిజం. కానీ అప్పటికి నా ఎడమ మోకాలి పరిస్థితి వేరే. వానాకాలమంతా అది వాస్తూ వచ్చింది. రాత్రి వంచి పడుకున్న కాలు పొద్దున్న తిన్నగా వచ్చేది కాదు. ఎడమ మడమ నేలకి ఆనక, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద నడిచేదాన్ని. దసరా వెళ్ళాక తీసుకురమ్మని, ఆలస్యం చేస్తే ఆ వంపు అలాగే ఉండిపోతుందని డాక్టరు గారు ముందే చెప్పి ఉన్నాడు. దసరా వెళ్ళింది. దీపావళి కూడా వెళ్ళింది.

నాన్న "మీరూ మీరూ తేల్చుకోండి" అని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేవాడు. నాయనమ్మ మంచిగా చెప్పింది, తిట్టి చెప్పింది, తన చెల్లెలి సంగతి చెప్పి ఏడ్చింది. అమ్మ గిన్నెలు తోముతూనే ఉంది.

"మచ్చ ముఖాన రాలేదు కదే, మోకాలి మీద. లంగా కింద ఎవరు చూడొచ్చారు?" అంది నాయనమ్మ.

"ఇయ్యాళ మోకాలు. రేపు ముఖమైతే?" అంది అమ్మ.

ఆ మాట విన్న నాయనమ్మ రెండు రోజులు ఏదో ఆలోచిస్తూ తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం గుణదల నుంచి వచ్చి, గంప దింపి, కాళ్ళయినా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"ఆ మచ్చ సూదిమందు వల్ల కాదే. నా వల్ల" అంది.

అమ్మ తలెత్తింది.

"ఎండాకాలంలో నువ్వు నీ చెల్లెలింటికెళ్ళావు చూడు, ఆ రోజు పిల్లకి కొర్రమీను పులుసు పెట్టాను. తినేసి పెరుగన్నం కావాలని రాగం తీసింది. జబ్బు పిల్ల కదాని పెట్టేశాను. నాలుగు ముద్దలు. తప్పు నాది. డాక్టరు బాబునెందుకు ఆడిపోసుకుంటావు?"

నేను అక్కడే గోడకానుకుని కూర్చున్నాను. నాకు నోరు తెరుచుకుపోయింది. ఎందుకంటే ఆవిడ నాకు ఎప్పుడూ అలా పెట్టలేదు. ఆ రోజు నేను పెరుగు అడిగిన మాట నిజమే. అడిగినందుకు నెత్తిన మొట్టికాయ తిన్న మాట కూడా నిజమే. "అదేంటి నాయనమ్మా, నువ్వు..." అనబోయాను. నాయనమ్మ నా వైపు ఒక చూపు చూసింది. చేపల బజారులో దొంగ తూకం వేసేవాడి వైపు చూసే చూపు అది. నోరు మూసుకున్నాను. తర్వాత అమ్మ లేనప్పుడు నా చెవి పట్టుకుని, "కాలికి సూదేయించుకున్నాక వాగుదువుగాని, అందాకా పలికావంటే చూడు" అంది.

అమ్మ నమ్మింది. నమ్మకపోవడానికి కారణం లేదు. ఊరందరికీ పెరుగు తినొద్దని చెప్పే మనిషి తనే పెట్టానని ఒప్పుకుంటే అబద్ధమని ఎవరనుకుంటారు? అత్తని ఒక్క మాట కూడా అనలేదు, తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి నాకు నాయనమ్మ చేతి ముద్ద తిననివ్వలేదు. ఆవిడ నా కంచం దగ్గరికి వస్తే కంచం ఇటు లాగేసేది. అమ్మ పక్కింటావిడతో కుళాయి దగ్గర అంతా చెప్పుకుని ఏడ్చింది. కుళాయి దగ్గర చెప్పిన మాట గుణదల చేరడానికి ఎంతసేపు? రెండు రోజులు తిరక్కుండానే, "ఇయ్యాళ వద్దులేమ్మా" అనడం మొదలుపెట్టారు కొనేవాళ్ళు. మనవరాలికే చేపా పెరుగూ కలిపి పెట్టి బొల్లి తెప్పించిన మనిషి దగ్గర ఎవరు కొంటారు? సగం గంప అలాగే వెనక్కి వచ్చేది. మిగిలినవాటికి ఉప్పు రాసి ఎండేసుకుంటూ నాయనమ్మ నోరెత్తలేదు. ఆ ఉప్పుచేపల కంపుకి నేను ముక్కు మూసుకుని విసుక్కున్నాను కూడా. తొమ్మిదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది అని ఇప్పుడు సర్దిచెప్పుకుంటాను గానీ, సిగ్గుగానే ఉంటుంది.

అయితే ఆవిడ అనుకున్నది సాధించింది. "మందు తప్పు లేనప్పుడు సూదెందుకు మానాలి?" అంటే అమ్మ ఒప్పుకోక తప్పలేదు. ఒక మంగళవారం ముగ్గురం రిక్షాలో గవర్నరుపేట వెళ్ళాం. అత్తాకోడళ్ళు చెరోవైపు చూస్తూ కూర్చున్నారు, నేను మధ్యలో ఎడంకాలు వంచుకుని.

డాక్టరు గారు ఎడమ మోకాలు చూసి, "ఇంత ఆలస్యం చేశారేమిటండీ" అన్నాడు. అమ్మకి అన్నాళ్ళూ పంటి బిగువున ఆపుకున్నదంతా అక్కడ బయటపడింది. నా లంగా అంచు పైకి తీసి కుడి మోకాలి మచ్చ చూపించి, "చూడండి బాబూ, ఈవిడ చేపా పెరుగూ కలిపి పెట్టి పిల్లకి బొల్లి తెప్పించింది. నేనేమో మీ సూది వల్లనుకుని ఇన్నాళ్ళూ ఆగాను" అంది.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని మచ్చ చూశాడు. బొటనవేలితో గుంట తడిమాడు.

"ఇది ఆవిడ వల్ల కాదండీ, నా సూది వల్లే" అన్నాడు.

మా నాయనమ్మ ముఖం చూడాలి అప్పుడు. గంపెడు చేపలు కాలవలో పడిపోయినా అలా అయ్యేది కాదు.

"కాదు బాబూ, నేనే పెట్టాను పెరుగు! కొర్రమీను పులుసు తిన్నాక పెట్టాను! నాలుగు ముద్దలు!" అని గట్టిగా అరిచింది.

"పెట్టినా దాని వల్ల ఇలా రాదమ్మా" అన్నాడాయన. తర్వాత అమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. మందు కీలు లోపలే ఉండాలి, ఒక్కోసారి కొంచెం సూది వచ్చిన దారిలోనే పైకి కారి తోలు కింద చేరుతుంది, చేరిన చోట రంగు పోతుంది, తోలు కింద కొవ్వు కరిగి గుంట పడుతుంది. బొల్లి కాదు, పాకదు, ఇంకెక్కడా రాదు. చాలామందికి ఏడాదికో రెండేళ్ళకో రంగు తిరిగి వస్తుంది, కొందరికి కొంత మిగలవచ్చు. "ఈ మాట నేను ముందే మీకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తప్పు నాది" అన్నాడు.

అంత పెద్ద డాక్టరు చేపలమ్ముకునే ఇంటి ఆడవాళ్ళ ముందు తప్పు నాది అనడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఈ రోజుల్లోనూ కాదు. ఆయనకి నేను రుణపడి ఉన్నది మోకాళ్ళ కోసం ఎంతో, ఆ మాట కోసమూ అంతే. ఆ క్షణానికి మాత్రం ఆయన మా నాయనమ్మ కష్టమంతా ఒక్క దెబ్బతో పాడుచేశాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో నా ఎడమ మోకాలి వంకే చూస్తోంది. అమ్మ ఇక ఒప్పుకోదని ఆవిడకి అర్థమైపోయింది. నాకూ అర్థమైంది, నేనూ ఏడుపు మొదలుపెట్టాను.

అమ్మ అత్త వైపు చూసింది. ఆ అరుపూ ఆ కళ్ళనీళ్ళూ ఎందుకో ఆవిడకి అప్పుడు తెలిసినట్టుంది. తర్వాత డాక్టరు గారిని అడిగింది: "ఈ కాలికి కూడా వస్తుందా మచ్చ?"

"రాకుండా జాగ్రత్త పడతాను. రాదని మాట మాత్రం ఇవ్వలేను."

"వేయించకపోతే?"

ఆయన నా ఎడమ మడమ పట్టుకుని నెమ్మదిగా సాగదీశాడు. కాలు సగంలో ఆగిపోయింది. "ఇంతే ఉండిపోతుందండీ" అన్నాడు.

అమ్మ కొంగు నడుముకి బిగించి దోపింది. "వేయండి బాబూ" అంది. నా భుజాలు ఈసారి తనే పట్టుకుంది. ఆ పట్టుకి రెండు రోజులు భుజాలు నొప్పి పుట్టాయి.

మర్నాడు పొద్దున్న నాకు మెలకువ వచ్చేసరికి నాయనమ్మ నా పక్కనే కూర్చుని మోకాలి మీద ఐసు పెడుతోంది. బేరానికి వెళ్ళలేదేమని అడిగాను. "మీ అమ్మెళ్ళింది" అంది. నేను నమ్మలేదు. మా అమ్మ పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఒక్కరోజు కూడా గంప ఎత్తి ఎరగదు. కొత్తవాళ్ళ గుమ్మం ముందు నిలబడి కేక వేయడమంటే ఆవిడకి చచ్చేంత సిగ్గు. నాయనమ్మ అడ్డం కూడా పడిందట. నెత్తిన గంప కింద పెట్టుకునే చుట్టకుదురు ఆవిడ చేతిలోంచి లాక్కుని అమ్మ వెళ్ళిపోయిందట.

ఎండ బాగా ఎక్కాక అమ్మ వచ్చింది. మెడ తిప్పలేకపోతోంది, ముఖమంతా చెమట. గంప దింపి నాయనమ్మ ఎదురుగా కూర్చుంది.

"అన్ని గుమ్మాలూ తిరిగాను అత్తా. అందరికీ చెప్పాను" అంది.

"ఏమనే?" అంది నాయనమ్మ భయంగా.

"మా అత్త పిల్లకి పెరుగు పెట్టలేదండీ, నేను చెబితే వినే మనిషిని కాదు, అందుకని తప్పు తన మీదేసుకుంది, అని."

నాయనమ్మ నా మోకాలి మీద ఐసు అలాగే పట్టుకుని ఉంది, నీళ్ళు కారి పక్కంతా తడిసిపోతోంది. అమ్మ లేచి కాళ్ళు కడుక్కుని వచ్చి, కంచంలో అన్నం కలిపి, దాన్ని తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టింది.

"పిల్లకి నువ్వే పెట్టత్తా" అంది.